సొరుగులో కచేరీలు

నేను ఒక ట్రంకు కాల్స్ రిజిస్టరును కావలసినదాన్ని. గుంటూరులో మస్తాన్ సాయిబు అనే బైండరు నన్ను కుట్టాడు. ఆ రోజు ఆయన కూతురికి పెళ్ళిచూపులు. మనసు ఇంటి దగ్గర, చేతులు నా మీద. లోపలి కాగితాలన్నీ సరిగానే కుదిరాయి గాని అట్ట తలకిందులుగా అతికింది. కాలువ ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజికి చేరాక, సూపర్‌వైజరు పానకాలరావు నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేందయ్యా, శీర్షాసనం వేసింది!" అని ఆపరేటర్ల బల్ల సొరుగులో పడేశాడు. మనుషులు అట్ట చూసి విలువ కట్టడం అలవాటైన వాళ్ళు. ఆ అలవాటే నన్ను కాపాడింది.

ఆ బల్ల ముందు ఒక కుర్చీ, ఆ కుర్చీకి ఇద్దరు ఆడవాళ్ళు. పొద్దున ఏడు నుంచి రెండు దాకా హైమవతి. నలభై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడి ఇంట్లో ఒక గదిలో ఉండేది. రెండు నుంచి రాత్రి దాకా సువార్త. పాతికేళ్ళ పిల్ల, చర్చిలో పాటల బృందంలో పాడేది. ఇద్దరికీ సినిమాల పిచ్చి, పాటల పిచ్చి. కానీ కలిసి వెళ్ళే యోగం లేదు. సువార్తకు కుదిరేది మార్నింగ్ షో, హైమవతికి కుదిరేది ఫస్ట్ షో. కుర్చీ మారే ఆ పది నిమిషాల్లో ఎంతని చెప్పుకుంటారు? ఒకరోజు చెప్పుకోవడానికి వీలు చిక్కక సువార్త సొరుగు లాగి, నా మొదటి పేజీ మీద ఇలా రాసింది:

"అక్కా, నిన్న పడవ నడిపేవాడి సినిమా చూశాను. పెళ్ళాం ఇల్లు వదిలి పోయేటప్పుడు మాటల్లేవు, పాట లేదు, ఒట్టి తెడ్డు చప్పుడే. హాలంతా ముక్కులు చీదింది. నేను మాత్రం ఏడవలేదు. అబద్ధం. ఏడ్చాను."

వారం తిరగకముందే కింద జవాబు పడింది. "చూశాను. తెడ్డు చప్పుడు సరే, దాని వెనకాల సన్నగా తంబురా శ్రుతి ఉంది, పట్టుకోలేదా? చెవులు ఇంట్లో పెట్టి వెళ్తావా ఏమే?"

సువార్త అదే సినిమా మళ్ళీ చూసింది. శ్రుతి ఉంది.

అలా మూడేళ్ళు నేను నిండుతూ వచ్చాను. సినిమాలు, ఒకరికొకరు ఇచ్చి పుచ్చుకున్న క్యాసెట్లు, నవమి పందిట్లో కచేరీలు. హైమవతి కచేరీ గురించి రాస్తే, గాయకుడు ఏ చోట ఊపిరి పీల్చుకున్నాడో కూడా తెలిసేది. "చరణంలో గొంతు కాస్త జీర పోయింది, ఆ జీరే బాగుంది" అని రాసేది. సువార్తకు రాగాల పేర్లు తెలియవు. "ఇది మా చర్చిలో గుడ్ ఫ్రైడే పాటలాగుంది" అని రాస్తే, "దాన్ని ముఖారి అంటారు, పిచ్చిపిల్లా" అని దిద్దేది. పోట్లాడుకునేవారు కూడా. ఒక వీణ క్యాసెట్టు మీద ఇద్దరూ కలిసి నాలుగు పేజీలు తగలేశారు.

మూడో ఏడు చివర్లో హైమవతి రాతలో ఏదో తేడా వచ్చింది. కచేరీ గురించి రాసేది గాని, అందులో ఫిడేలాయన వేలికి పసుపు రంగు ఉంగరం, గాయకుడి శాలువా అంచు, ముందు వరసలో నిద్రపోయిన చంటిపిల్ల ఇవే ఉండేవి. రెండుసార్లు చదివి సువార్త ఊరుకుంది.

తర్వాత ఒకరోజు సువార్త ఒక కొత్త సినిమా పాటల క్యాసెట్టు ఇచ్చింది. నాలుగు రోజులకు నా మీద జవాబు వచ్చింది. "పాటలు చాలా బాగున్నాయి. రెండో వైపు మరీను." అది చదివి సువార్త నవ్వబోయి ఆగిపోయింది. ఆ పాటల క్యాసెట్టు నిన్ననే తన టేపురికార్డరులో కనబడింది. డబ్బా మారి, హైమవతికి వెళ్ళింది పాస్టరుగారి ప్రసంగం.

మర్నాడు రెండు గంటలప్పుడు హైమవతి కుర్చీలోంచి లేస్తుంటే సువార్త ఎదురుగా నిలబడింది.

"అక్కా, ఆ క్యాసెట్టు నిజంగా విన్నావా?"

"రాశానుగా."

"అందులో పాటల్లేవక్కా. మా పాస్టరుగారి ప్రసంగం ఉంది."

హైమవతి మళ్ళీ కూర్చుండిపోయింది. నా అట్ట మీద ఆమె చెయ్యి చల్లగా ఉంది.

"పెట్టనే లేదే," అంది. "పెడితే తేనెటీగల రొద తప్ప ఏమీ రాదు. ఎడమ చెవి పోయి రెండేళ్ళయింది. కుడి చెవికి ఫోనులో మాట తెలుస్తోంది. పాట తెలవటల్లేదు. మా అమ్మకీ ఈ వయసులోనే ఇట్టాగే అయింది."

"మరి నాకెందుకు చెప్పలా? ఉద్యోగం పోతుందనా?"

"ఉద్యోగం కాదే. చెవుల్లేనిదానికి పాటల గురించి ఎవరు రాస్తారు? రాయడం మానేస్తావని."

బోర్డు మీద దీపం వెలిగితే, సువార్త తడి కళ్ళతోనే హెడ్‌ఫోను తగిలించుకుని "నంబరు ప్లీజ్" అంది.

ఆ నెలలోనే ఒక ముసలాయన రేపల్లె ఆసుపత్రిలో కాన్పుకు చేరిన కూతురితో మాట్లాడాలని కాల్ బుక్ చేశాడు. హైమవతికి అది తాడేపల్లి అని వినబడింది. ఆయన గంటసేపు ఎదురుచూశాడు. కోపగించుకోలేదు కూడా, "పోనీలేమ్మా, రేపు మాట్లాడతాలే" అన్నాడు. ఆ మాటకే హైమవతి తట్టుకోలేకపోయింది. తనంతట తానే పానకాలరావు దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పి, హెడ్‌ఫోను ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన చాలాసేపు అద్దాలు తుడుచుకుని, ఆమెకు మేడ మీద ఫైళ్ళ గదిలో పని ఇప్పించాడు.

సువార్త రాయడం మానలేదు. మునుపటి కంటే ఎక్కువ రాసింది. ఇప్పుడు తను విన్నదంతా పూసగుచ్చినట్టు చెప్పాలి. తెలియని కచేరీలకు వెళ్ళి కూర్చుంది, వచ్చిన మాటల్లో రాసింది. "అక్కా, ఆయన పైకెళ్ళి అక్కడే నిలబడ్డాడు. నిచ్చెన చివర మెట్టు మీద నిలబడి తాటికాయ అందుకోబోయినట్టు. అందుకోలేదు. దిగొచ్చేశాడు." హైమవతి నన్ను మేడ మీదికి తీసుకెళ్ళి, ఫైళ్ళ మధ్య అది చదివి, "అందుకోకపోవడమే గొప్ప. సరిగ్గా విన్నావు" అని రాసింది. ఆమె సువార్త రాతను దిద్దడం మానేసింది ఆ రోజు నుంచే.

ఆ ఏటి నవమికి సువార్త వేరే అమ్మాయితో డ్యూటీ మార్చుకుంది. అన్నేళ్ళలో మొదటిసారి ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. పందిట్లో ట్యూబులైట్లు అప్పుడే వెలిగాయి. నేను సువార్త ఒళ్ళో ఉన్నాను. పాట సాగుతుంటే ఆమె రాస్తోంది, హైమవతి వంగి చదువుతోంది. మృదంగం ఇప్పుడు మెల్లగా. ఫిడేలు జవాబిస్తోంది. ఇప్పుడు ఒక్క గొంతే.

అంతలో కలం ఆగిపోయింది. సువార్త తల ఎత్తి వింటోంది. నోరు కొద్దిగా తెరుచుకుంది, బుగ్గల మీద నీళ్ళు. రాయాలన్న సంగతే మరిచింది. హైమవతి ఆమెను తట్టి పిలవలేదు. ఆమె వేళ్ళలోంచి కలం మెల్లగా తీసుకుని, ఆగిన చోట రాసింది. "నువ్వు విను. నేను నిన్ను చూస్తున్నాను."

మరుసటేడు ఎక్స్ఛేంజికి ఆటోమేటిక్ యంత్రాలొచ్చాయి. సువార్తను మార్కాపురం బదిలీ చేశారు. నేను హైమవతి గదికి చేరాను. సువార్త ఉత్తరాలు రాసేది. పెళ్ళి, పిల్లలు, పని పెరిగేకొద్దీ అవి పలచబడ్డాయి. ఎవరి తప్పూ కాదు, బతుకులు అలాగే ఉంటాయి. హైమవతి కుడి చెవి కూడా పూర్తిగా మూసుకుపోయింది. మిగిలిన పేజీల్లో ఆమె ఒక్కతే రాసుకునేది, మరిచిపోకముందే అన్నట్టు. కాలువ లాకుల చప్పుడు. వాళ్ళమ్మ దగ్గు. పడవ సినిమాలో ఆ శ్రుతి.

పదకొండేళ్ళ తర్వాత ఒక శ్రావణంలో హైమవతి జ్వరంతో పోయింది. కబురు తెలిసి సువార్త వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. హైమవతి తమ్ముడు గది తలుపు తీసి, "మా అక్క గుర్తుగా ఏదన్నా కావాలంటే తీసుకోండమ్మా" అని వెళ్ళిపోయాడు. సువార్త నన్ను తీసుకుని మంచం అంచున కూర్చుంది. పేజీలు తిప్పుతూ చివరి రాత దగ్గర ఆగింది. అక్షరాలు వణికి ఉన్నాయి.

"సువార్త గొంతు ఎలా ఉండేదో ఇవాళ గుర్తుకు రాలేదు. పొద్దుటి నుంచి వెతుకుతున్నాను."

సువార్త నన్ను గుండెకు ఆనించుకుంది. ఆమె లోపల ఏడుపు ఎక్కడ మొదలైందో నాకు తెలిసింది. పక్కనున్న మనిషితో చెప్పినట్టు అంది.

"అక్కా, నేను. సువార్తని. ఇట్టా ఉండేదక్కా నా గొంతు."

ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.