ఆగ్నేయ మూల వైఫై పెట్టె

నేను ఒక వైఫై పెట్టెను. నెత్తిన రెండు కొమ్ములు, ఒంటిమీద కుంకుమ బొట్టు. కొమ్ములు ఫ్యాక్టరీవాళ్లు పెట్టారు, బొట్టు గున్నేశ్వరరావు గారు పెట్టారు. ఆ బొట్టు తలచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

అంతకుముందు కాకినాడలోనే ఒక టీకొట్టు మేడమీది గదిలో ఉండేదాన్ని. నలుగురు కుర్రాళ్లు నన్ను కిటికీలో పెట్టి, నలభై స్పీడు కనెక్షన్‌తో తలా ఒక సినిమా చూసేవారు. స్పీడు గురించి ఒక్కనాడూ గొడవపడలేదు. వాళ్లు గది ఖాళీ చేశాక ఇంటర్నెట్టు ఆఫీసువాళ్లు నన్ను తుడిచి, కొత్తదని చెప్పి ఈయన ఇంట్లో దించారు.

గున్నేశ్వరరావు గారు ఫిజిక్సు లెక్చరరు. కాలేజీలో తరంగాల పాఠం చెబుతారు. నన్ను ఎక్కడ పెట్టాలో మాత్రం సిద్ధాంతి గారిని అడిగారు. కరెంటు వస్తువంటే అగ్ని, అగ్నికి ఆగ్నేయం అన్నారాయన. ఆగ్నేయమంటే వంటగది. బియ్యం డబ్బాకీ పప్పుల స్టీలు డబ్బాలకీ మధ్య నన్ను ఇరికించి, బొట్టు పెట్టి, పైన క్రోషియా గుడ్డ కప్పారు. అన్ని డబ్బాలు దాటి గదుల్లోకి సిగ్నల్ పంపడం నా తరమా? పైగా తిరగమోత పెట్టినప్పుడల్లా నూనె జిడ్డు నా చిల్లుల్లోకి దిగేది. ఛీ, అదీ ఒక బతుకేనా.

ఆయన భార్య ప్రసూన వెనక గదిలో కూర్చుని, ఒక కంపెనీ తరఫున పిల్లలకు ఆన్‌లైన్లో లెక్కలు చెప్పేది. పెళ్లయిన ఇన్నేళ్లకు తనకంటూ దొరికిన మొదటి ఉద్యోగం. పాఠం మధ్యలో ఆమె బొమ్మ నోరు తెరుచుకుని ఆగిపోయేది. "మేడమ్, మళ్లీ ఆగిపోయారండీ," అనేవారు పిల్లలు. ఇంకొక్కసారి క్లాసు ఆగితే ఉద్యోగం ఉండదని కంపెనీ చెప్పేసింది.

"స్పీడు చాలట్లేదే. మూడొందలకి మార్పిద్దాం," అన్నారాయన. మార్పించారు. ఆ ఇంట్లో ఉన్నదేమిటని? ఈయన తల్లిగారి సీరియలు, ఈయన వినే ప్రవచనం, ప్రసూన క్లాసు. నలభైలో ముగ్గురూ కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. అయినా పక్కింటాయన డాబా మీద "మాది ఐదొందలండి" అన్నారని, మర్నాటికల్లా ఈయనా ఐదొందలు పెట్టించారు. ఎంత పెంచితే ఏం, నేనున్నది డబ్బాల మధ్యే కదా.

ఒకరోజు ఆయన కాలేజీకి వెళ్లాక, ప్రసూన ఆ గుడ్డ తీసేసి నన్ను హాల్లో ఈశాన్య మూలనున్న టీపాయి మీద పెట్టింది. ఆ పూట క్లాసు ఒక్కసారీ ఆగలేదు. పాఠం అయ్యాక నా దగ్గరికొచ్చి కాసేపు నిలబడింది. ఆమె ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

సాయంత్రం ఆయన వచ్చి చూశారు.

"ఈశాన్యంలో నిప్పెడతావేంటే? ఇంటికి అరిష్టం కాదూ?"

"ఇక్కడుంటే క్లాసు ఆగలేదండీ. చూశాను కదా."

"అది నేను ఐదొందలు పెట్టించబట్టి."

నన్ను మళ్లీ డబ్బాల మధ్యకు తోశారు. మర్నాడు భిన్నాలు చెబుతూ చెబుతూ ఆమె ఆగిపోయింది. సాయంత్రానికి ఉద్యోగం పోయింది. ఆయన తన తప్పు ఒప్పుకున్నారా? తప్పంతా నాదేనన్నారు. "పెట్టే డొక్కుది. వెయ్యి స్పీడు పెట్టిస్తున్నాను, కొత్త పెట్టె ఇస్తారంట."

ఇప్పుడు నేను వంటింటి అటక మీద, పగిలిన బకెట్లో ఉన్నాను. కింద నా చోట్లోనే ఆరు కొమ్ముల కొత్త పెట్టె, బొట్టుతో సహా. పొద్దున్నే ఆయన దాని మీదుగా గోడ అవతలి పక్కింటాయనకు శుభోదయం బొమ్మ పంపుతారు. ప్రసూన దాని పక్కనే నిలబడి పప్పు డబ్బా మూత తీస్తుంది. వెయ్యి స్పీడున్న ఆ ఇంట్లో ఆమెకిప్పుడు ఇంటర్నెట్టుతో పని లేదు.