సూది సోకని మహారాణి

రాజరాజనరేంద్రుల వారు గోదావరీతీరాన పట్టాభిషిక్తులై రమారమి వెయ్యేళ్లు గడిచిన తరువాత, వారి కొలువు రాజమండ్రి ఆర్యాపురంలో, ఒక అపార్టుమెంటు మూడో అంతస్తున, టీవీకి ఎదురుగా మళ్లీ తీరింది. పునఃప్రతిష్ఠ గావించినవారు శ్రీమతి రత్నమాణిక్యం గారు. వారి భర్త వెంకటరాజు గారికి భీమవరం వైపు చేపల చెరువులు ఉండడం చేత ఈ సామ్రాజ్యానికి జలదుర్గాల కొరత కూడా లేదు. కొలువులో పరివారం పదకొండు మంది, అందరూ జానెడు పొడవున్న కొయ్యబొమ్మలు. దసరా బొమ్మల కొలువుల పోటీలో మూడేళ్లుగా రెండో బహుమతితో సరిపెట్టుకున్న రత్నమాణిక్యం గారు ఈసారి దేవుళ్లను విడిచి చరిత్రను ఆశ్రయించారు.

ఈ రాజపరివారానికి బట్టలు కుట్టే భాగ్యం ధవళేశ్వరం తబితకు దక్కింది. ఎనిమిది నెలలు ఆమె వంటింటి వెనుక బాల్కనీలో కూర్చుని కుట్టింది. ఉప్పాడ జాందానీ ముక్కలు, ఊపిరి తగిలితే లేచిపోయే మల్లు గుడ్డ. ఫ్యాను వేస్తే మహామంత్రి ఉత్తరీయం పక్కింటి డాబా మీదికి పోతుంది గనుక మే నెలంతా ఫ్యాను లేదు. చెమట బొట్టు పడితే మరక అవుతుంది గనుక నుదుటికీ మణికట్లకూ చేతిరుమాళ్లు. మహారాణి రవికె బొటనవేలికి తొడిగితే బిగుతుగా ఉండేది. దాని మెడ చుట్టూ వేసిన కుట్లు నూట పద్నాలుగు. రత్నమాణిక్యం గారు భూతద్దంతో లెక్కపెట్టి, అందులో రెండు కాస్త ఎడంగా ఉన్నాయని మొత్తం విప్పించారు.

తబిత ఇదంతా భరించడానికి కారణం ఒక కాగితం. నిడదవోలులో ఆడవాళ్లకు కుట్టు నేర్పే శిక్షణ కేంద్రం ఒకటి టీచరు కోసం ప్రకటన ఇచ్చింది. సన్నపు పని తెలుసునని పెద్దలెవరైనా రాసిచ్చిన ఉత్తరం తెమ్మన్నారు. ఇరవయ్యేళ్లుగా తబిత కుట్టిన ప్రతి బట్ట మీదా పడినది దుకాణం పేరే. తన పేరున్న కాగితం ఆమె దగ్గర రేషన్ కార్డు ఒక్కటే.

"గెలవనీ తబితా! కొలువు పక్కన నీ పేరు బోర్డు పెట్టిస్తాను. ఉత్తరం నేనే స్వయంగా రాసిస్తాను," అని రత్నమాణిక్యం గారు జనవరిలోనే అభయమిచ్చారు.

పోటీకి పది రోజుల ముందు ప్రధాన న్యాయనిర్ణేత సూర్యప్రకాశం గారు కాఫీకి విచ్చేశారు. ఆయన చరిత్ర లెక్చరరుగా రిటైరైనవారు. చరిత్ర మాత్రం ఆయన నుంచి ఇంకా రిటైరు కాలేదు. మహారాణిని అరచేతిలోకి తీసుకుని ఆయన కంపించిపోయారు.

"అమ్మా, ఇదేమిటి?"

"రవికండి, మాస్టారు."

"పదకొండో శతాబ్దంలో రవికా! శిల్పాల మీద ఎక్కడైనా కుట్టు కనిపించిందా మీకు? ఆనాటి వస్త్రం చుట్టుకునేది. దానికి కత్తెర తగలడం అపచారం, సూది సోకడం మహాపచారం."

రత్నమాణిక్యం గారు రెప్పపాటైనా తడబడలేదు. "నేనూ మొదట్నుంచీ అదే మొత్తుకుంటున్నానండి. ఈ టైలరమ్మ వింటేగా!"

ఆయన లిఫ్టు దిగగానే బాల్కనీలోకి ఆజ్ఞ వెలువడింది.

"విన్నావుగా? విప్పెయ్యి."

"అన్నీనా అండి?"

"చెలికత్తెలతో సహా."

"ఎనిమిది నెలల పని కదండి, అమ్మగారూ..."

"ఎనిమిది నెలలు ఏసీ ఇంట్లో కాలక్షేపం జరిగిందిగా. ఏడుపు ఆ గుడ్డల మీద పడనీకు, మరకలౌతాయి."

"మరి ఉత్తరం అండి?"

"కుట్టకపోతేనేం, చుట్టేది నువ్వేగా. చూద్దాంలే."

మూడు రోజులు తబిత తన కుట్లను తానే తెంపింది. నాలుగో రోజు చుట్టడం మొదలుపెట్టింది. అప్పుడు బయటపడింది అసలు చిక్కు. బొమ్మలు చెక్కిన మహాశిల్పి నడుముల విషయంలో పరమ పొదుపరి. నున్నని కొయ్య మీద మల్లు గుడ్డ నిలవదు. మహారాణికి ఎన్నిసార్లు కుచ్చిళ్లు పెట్టినా అన్నిసార్లూ అవి పాదాల దగ్గరికి వచ్చి శరణు కోరాయి. గుండుసూది పెడితే భూతద్దానికి దొరుకుతుంది, జిగురు రాస్తే మరక పడుతుంది.

తబిత ఆలోచించి, ఆ గుడ్డ అంచు నుంచే ఒక పోగు లాగింది. తలవెంట్రుకలో సగం ఉన్న ఆ పోగును సూదికి ఎక్కించి, భుజం నుంచి చీలమండ దాకా, మడతల లోపలి నుంచి లోపలికి, ఒకే ఒక్క పోగుతో కుట్టుకుంటూ వెళ్లింది. ముడి వేస్తే మల్లు గుడ్డలో ఉబ్బు కనిపిస్తుంది గనుక ముడి వేయలేదు. పదకొండు మందికీ అంతే. ఆమె జీవితంలో అంతటి కుట్టు అంతకు ముందు కుట్టలేదు. దాని గొప్పతనమంతా అది లేనట్టుగా ఉండడంలోనే ఉంది.

రత్నమాణిక్యం గారు పావుగంట వెతికి, ఏమీ దొరక్క, అడిగారు.

"ఎలా నిలిచింది?"

"కుట్టానండి."

"ఏం చేశావు?"

"కు..."

"తబితా. ఏం చేశావు?"

"చుట్టానండి, ఆయ్."

శనివారం టౌనుహాల్లో పోటీ; కొలువు అక్కడికి తరలింది. సూర్యప్రకాశం గారు భూతద్దంతో అరగంట సేపు మహారాణికి ప్రదక్షిణ చేసి, మైకు అందుకుని, ఆమెను సూది సోకని మహారాణిగా లోకానికి ప్రకటించారు. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. మొదటి బహుమతి, శాలువా, ఫోటోలు. కొలువు పక్కన బోర్డు కూడా ఉంది, వాగ్దానం చేసిన చోటే: 'పరిశోధన, రూపకల్పన, వస్త్రధారణ: శ్రీమతి రత్నమాణిక్యం'.

తబిత దాన్ని రెండుసార్లు చదువుకుని, ఫోటోల సందు చూసుకుని దగ్గరికి వెళ్లింది.

"అమ్మగారూ, సోమవారం ఇంటర్వ్యూ అండి. ఆ ఉత్తరం..."

రత్నమాణిక్యం గారి ముఖంలో నిజమైన విచారం కనిపించింది. "ఏమని రాయమంటావు చెప్పు? కుట్టావని రాస్తే మాస్టారి మాట అబద్ధమవుతుంది. చుట్టావని రాస్తే కుట్టు బళ్లో దాంతో పనేముంది? నవరాత్రుల్లో నా చేత అబద్ధం రాయించకమ్మా, నీకు పుణ్యముంటుంది."

తబిత తిన్నగా కొలువు దగ్గరికి నడిచింది.

"మాస్టారండీ! ఇది కుట్టేనండి. నేనే కుట్టానండి. ఇదిగో, చూడండి!"

అని మహారాణి భుజం దగ్గర గోటితో తడిమి పోగు లాగింది. పోగు ఒక్క ఊపున వచ్చేసింది. దాని వెంటే చీర కూడా. వేంగీ సామ్రాజ్య పట్టమహిషి నిండుకొలువులో, ఏడు సెల్‌ఫోన్ల ఎదుట, కొయ్యగా నిలబడింది. ముందు వరసలో ఉన్నవారు సంస్కారం కొద్దీ కళ్లు మూసుకుని, ఆసక్తి కొద్దీ తెరిచారు.

సూర్యప్రకాశం గారు జారిన గుడ్డను ఎత్తి భూతద్దం పెట్టారు. మల్లు గుడ్డకు గాయం నిలవదు. సూది పోయిన దారిని నేత అప్పటికే పూడ్చేసింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"చూశారా! కుట్టి ఉంటే ఇలా జారుతుందా? ఇంతకంటే రుజువేం కావాలి మనకి?"

ఈసారి చప్పట్లు మొదటిసారి కంటే గట్టిగా మోగాయి.

"మరి ఈ పోగో, అయ్యగారూ?" తబిత వేళ్లు చాచింది.

"ఏ పోగమ్మా?" ఆయన వంగి చూశారు. ఆయన ఊపిరికే అది లేచిపోయింది. "గుడ్డన్నాక నూలు రాలదా? సరే, మళ్లీ చుట్టు తల్లీ, పాపం ఆవిడ అలా నిలబడింది."

సూది లేకుండా తబిత మూడుసార్లు చుట్టింది. మూడుసార్లూ జారింది.

"చేతకానప్పుడు ముట్టుకోవడం ఎందుకంట?" అన్నదొక కంఠం. రత్నమాణిక్యం గారు తన శాలువా అంచుతో మహారాణి మానం కాపాడారు; మరునాడు పత్రికలో పడిన ఫోటో అదే.

సోమవారం తెల్లవారగానే ఆ పత్రిక ముక్క రత్నమాణిక్యం గారి నుంచి తబిత ఫోనుకు వచ్చింది, నమస్కారం బొమ్మతో సహా: 'నీ పేరు పేపర్లో పడింది. శుభం.' వార్త చివర నిజంగానే ఉంది: 'ధవళేశ్వరానికి చెందిన తబిత అనే సహాయకురాలి అజాగ్రత్త వల్ల మహారాణి బొమ్మ వస్త్రం జారి, కార్యక్రమానికి కొద్దిసేపు అంతరాయం కలిగింది.'

పదింటికి నిడదవోలు కేంద్రంలో మేనేజరు గణేష్‌బాబు గారు ఆమె దరఖాస్తు చూసి, పక్కనున్న పేపరు చూసి, మళ్లీ దరఖాస్తు చూశారు.

"ధవళేశ్వరం తబిత గారంటే మీరేనాండి?"

"ఆయ్, నేనేనండి."

"చదివానండి," అన్నారాయన మర్యాదగా.

"ఒక్క సూది, చిన్న గుడ్డముక్క ఇప్పించండి బాబూ. ఇక్కడే కుట్టి చూపిస్తాను."

"అయ్యో, ఆ పరీక్ష ఉత్తరం తెచ్చినవాళ్లకేనండి. రూల్సు మనం పెట్టినవి కావు కదా." ఆయన దరఖాస్తును నాలుగు అంచులూ కలిసేలా, ఎంతో జాగ్రత్తగా మడిచి, ఆమె చేతికి తిరిగి ఇచ్చారు. "వెళ్లేటప్పుడు శ్రీదుర్గ గారిని లోపలికి రమ్మనండి."

తబిత బయటికి వచ్చి, బెంచీ మీద కూర్చున్న అమ్మాయితో, మిమ్మల్ని రమ్మంటున్నారండి, అని చెప్పింది.