నలుగురాట

"పోటీ మొదలయ్యే టైమైంది, టీ ఏదే?"

ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, నరసరావుపేటలోని ఆ ఫ్యాన్సీ షాపు వెనకగదిలోంచి వేణుమాధవ్ కేక అలా వినిపించేది. ఆయనకి అది పోటీ. భార్య శ్రీవల్లికి మాత్రం 'పో, టీ'. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె పోసిన టీని సాగర్ కుడికాలువలోకి వదిలితే మిరపచేలకి ఒక తడి వచ్చేది.

పోటీ కార్డులది. వీరులూ పులులూ మంత్రగత్తెలూ ఉన్న బొమ్మముక్కలు పొట్లాల్లో వస్తాయి. ఏ పొట్లంలో ఏముందో చింపితేగానీ తెలియదు. పిల్లలు కొని, ఒకరితో ఒకరు మార్చుకుని, తలా ఒక కట్ట కూర్చుకుని, ఇద్దరిద్దరుగా తలపడతారు. అత్తగారు నాగేంద్రమ్మ మొదటిరోజే గుమ్మంలో నిలబడి, "పట్టపగలు ఈ పేకాటేందిరా? పోలీసోళ్లొస్తే చానా బాగుంటది" అంది. "పేకాట కాదే అమ్మా, ప్యాకెట్టాట" అన్నాడు కొడుకు.

శ్రీవల్లికి ఆట ఎవరూ నేర్పలేదు. గ్లాసులు ఇస్తూ సగం, తీస్తూ సగం నేర్చుకుంది. అట్లు తిరగేసే చేతికి అట్టముక్కలు తిరగేయడం ఎంతసేపు! "ఆ పులిని అప్పుడే దించారేందండీ?" అని ఒకసారి అడిగితే, "నీకేం తెలుసే? గ్లాసులు చూసుకో" అన్నాడాయన. చూసుకుంది. గ్లాసులు తీసే మనిషిని ఎవరూ చూడరు కాబట్టి, ఆమె అందరినీ చూసింది.

అలా చూస్తుండగానే ఒక ఆదివారం ఫరా వచ్చింది. ఇంటర్ చదివే పిల్ల, మెకానిక్ కూతురు. రాజుపాలెం నుంచి బస్సెక్కి వచ్చింది. ఖరీదైన ముక్కలున్న కుర్రాడి ముందు అయిదు నిమిషాల్లో ఓడిపోయింది. "ఓడినోళ్లకి ఇక్కడేం పని? కుర్చీ ఖాళీ చెయ్యమ్మా" అన్నాడు వేణుమాధవ్. ఆ పిల్ల ముక్కలు సర్దుకుని తల దించుకుని లేచింది. ఆ లేవడం శ్రీవల్లికి తెలిసిన లేవడం. చుట్టాలొస్తే లేవడం, మరిది పేపరు చదువుతానంటే లేవడం, పెళ్లిలో మొదటి పంక్తి మగవాళ్లదంటే సగం కూర్చున్నది కూడా లేవడం. ఇన్నేళ్లూ తను ఆడిందీ ఆటే కదా, ఒక పక్క తనూ ఇంకో పక్క మిగతా ఇల్లంతా! ఒంటరిగా గెలవలేనని తెలిసి, ఒక్కోపూట అత్తగారిని తనవైపు తిప్పుకుని, ఇంకోపూట మొగుడి కోపాన్ని పక్కింటి మీదికి మళ్లించి నెట్టుకొచ్చింది. ఆ తెలివికి ఏ పొట్లంలోనూ ముక్క లేదు. ఉంటే ఎలా ఉంటుంది?

గురువారాలు వేణుమాధవ్ సరుకు కోసం గుంటూరు వెళ్తాడు, కౌంటరు శ్రీవల్లిది. ఆ గురువారం గ్యాస్ రసీదు వెనక ఆమె కొత్త ఆట రాసింది. ఒక బల్లకి నలుగురు. కట్టలో ఏ ముక్కా రెండోసారి ఉండకూడదు, కాబట్టి పొట్లాలు పెట్టెలకొద్దీ కొన్నవాడి ఆటలు సాగవు. ఎవరు ఎవరితోనైనా పొత్తు కట్టొచ్చు, విప్పొచ్చు. మొదట ఓడినవాళ్లు ఇంటికి పోరు. బల్ల చుట్టూ ఉన్న అందరికీ టీ పెట్టి తెచ్చి అక్కడే కూర్చుంటారు, తర్వాతి ఆట వాళ్లతోనే మొదలు. 'నలుగురూ ఏమనుకుంటారో' అని అందరూ ఇన్నేళ్లు బెదిరించారుగా, ఆ నలుగురినే పిలిచి కూర్చోబెట్టింది. పేరు నలుగురాట.

తర్వాతి గురువారం నుంచి వెనకగదిలో ఆ ఆట మొదలైంది. పిలిస్తే ఫరా తన స్నేహితురాళ్లని తెచ్చింది. వాళ్లు అమ్మల్ని తెచ్చారు. మూడు నెలలకి కారంపూడి నుంచి, గురజాల నుంచి కూడా జనం దిగుతుంటే వేణుమాధవ్ కళ్లు తెరిచాడు. తెరిచి, ఆటని ఆదివారానికి మార్చి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ "ఐడియా మనదే" అని చెప్పుకున్నాడు. ఆ 'మన'లో ఆమె లేదు.

కార్డులు సరఫరా చేసే కంపెనీ నుంచి సుధీర్ బాబు అనే ఆయన ఒక ఆదివారం వచ్చాడు. "ఈ పద్ధతి జిల్లాలో అన్ని షాపుల్లోనూ పెడదామండీ. రూల్స్ కాగితం మీద పేరు వెయ్యాలి. ఎవరు తయారుచేశారు?"

"నేనేనండీ. మా ఆవిడ చేత ఫెయిర్ కాపీ రాయించాను, అంతే."

"అయితే ఒక ఆట ఆడి చూపించండి."

వేణుమాధవ్, సుధీర్ బాబు, ఫరా కూర్చున్నారు. నాలుగో కుర్చీ ఖాళీ. "ఏమే, సార్‌కి టీ!" అన్నాడు వేణుమాధవ్. శ్రీవల్లి కొంగుతో చెయ్యి తుడుచుకుంది. వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. పచ్చళ్ల జాడీల వెనక దాచుకునే తన కట్టని కొంగులోంచి తీసి బల్ల మీద పెట్టింది.

మొదటి వంతులోనే వేణుమాధవ్ పులిని దించి మీసం తిప్పాడు. ఇద్దరాటలో అది పులే. నలుగురాటలో అందరికంటే ముందు పెద్ద ముక్క చూపించినవాడి మీదికి మిగతా ముగ్గురూ వస్తారు. ఆట కనిపెట్టినాయనకి ఆ సంగతి తెలియదు! మూడో వంతుకల్లా ఆయన దగ్గర ప్రాణం లేదు, పులి లేదు, మీసం ఒక్కటే మిగిలింది.

"సరే, సరదాకి ఆడాంగా. ఇంక టీ..." అని లేవబోయాడు.

"మీరే పెట్టాలి అంకుల్, రూలు" అంది ఫరా.

గుమ్మంలో నాగేంద్రమ్మ. శ్రీవల్లి కుర్చీ వదల్లేదు. ముసలామె కొడుకుని చూసింది, కోడల్ని చూసింది, స్టూలు ఒకటి లాక్కుని బల్ల పక్కనే కూర్చుంది.

"నాకు పంచదార తక్కువెయ్యరా" అంది.

వేణుమాధవ్ లోపలికి నడిచాడు. సుధీర్ బాబు పెన్ను మూత తీసి, శ్రీవల్లి వైపు తిరిగాడు. "మేడం, పేరెలా రాయమంటారు?"

"శ్రీవల్లి. ఆ ఒక్కటే రాయండి."

వంటింట్లోంచి మూతలు కింద పడుతున్న చప్పుడు, వెనకే కేక. "ఏమే! పంచదార ఏ డబ్బాలో?"

శ్రీవల్లి ముక్కల మీంచి తల తిప్పలేదు. "నీలం మూత డబ్బా అండీ. ఇరవై రెండేళ్లుగా అక్కడే ఉంది, వెతుక్కోండి" అని తన ముక్క వేసింది.