అతుకుపడిన గీతల గుడ్డ

నేను ఒక గుడ్డను. మూడు గజాల పొడవు, రెండు గజాల వెడల్పు, ముతక నేత. ఇప్పుడు నా మీద బియ్యం పోసి రాళ్లు ఏరుతున్నారు. అంతకుముందు ముప్పై మూడేళ్లు ఈ దేశపు రాబడినీ ఖర్చునూ మోశాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న ఊరి ఆడపిల్లల కాలేజీకి అర్థశాస్త్రం చెప్పడానికి వచ్చిన కాత్యాయని గారు, తన మొదటి జీతంతో నన్ను కొన్నారు. గంజి పెట్టి, ఎండబెట్టి, చెరగని సిరాతో నా ఒంటి నిండా గళ్లు గీశారు. అడుగున సంవత్సరాలు, ఎడమ పక్క కోట్ల రూపాయలు. ప్రభుత్వానికి వచ్చేది పచ్చ గీత, ప్రభుత్వం ఖర్చు పెట్టేది ఎర్ర గీత. లైబ్రరీ గోడకు నన్ను తగిలించారు. గోడకెక్కిన మొదటి రోజే నాకు కొంచెం గర్వం పట్టుకుంది.

ఆ కాలేజీలో ఒక ఆనవాయితీ ఉండేది. ఫిబ్రవరి ఆఖరి సాయంత్రం పిల్లలంతా రేడియో చుట్టూ చేరి బడ్జెట్ అంకెలు రాసుకునేవారు. మర్నాడు పేపరుతో సరిచూసుకుని, చివరి ఏడాది పిల్లల్లో చెయ్యి వణకని పిల్ల ఒకతె నా మీద రెండు చుక్కలు పెట్టి, పాత చుక్కలతో కలిపేది. పక్కన తన పేరులోని మొదటి అక్షరం రాసుకునేది. ఆ ఒక్క అక్షరం కోసం వాళ్లు పడే పోటీ చూస్తే నవ్వొచ్చేది. దేశం ఎంత అప్పు చేసిందో వాళ్లకు పట్టేది కాదు, తమ అక్షరం గుండ్రంగా వచ్చిందా లేదా అన్నదే బెంగ.

అలా గీతలు రెండూ ఏటేటా పైకి పాకుతూ వచ్చాయి. ముప్పయ్యో ఏట దేశానికి గడ్డుకాలం వచ్చింది. మిల్లులు మూతపడ్డాయి. ఆ ఏడు చుక్కలు పెట్టే వంతు తవిటమ్మది. ఆమె తండ్రి జూట్ మిల్లు కార్మికుడు, మిల్లుకు తాళం పడి అప్పటికి ఐదు నెలలు. తవిటమ్మ కాలేజీ హాస్టల్లో ఉండి చదువుతోంది. ఆమె పచ్చ చుక్క పెట్టబోతే అది కిందటేటి చుక్క కన్నా దిగువకు వచ్చింది. ఎర్ర చుక్క పెట్టబోతే నా పై అంచు దాటిపోయింది. పెట్టడానికి చోటు లేదు.

తవిటమ్మ హాస్టల్‌కు వెళ్లి తన పాత లంగా తెల్ల అంచు కత్తిరించి తెచ్చింది. నా నెత్తిన జానెడు ముక్క అతికి కుట్టింది. దాని మీద ఎర్ర చుక్క పెట్టి, పక్కన "త" అని రాసింది. కాత్యాయని గారు అడుగు వెనక్కి వేసి చూసి, "ఇంత ఎడం నేనెప్పుడూ చూడలేదు," అన్నారు. ఆవిడ గొంతులో భయం నాకు తెలిసింది.

వారం తిరక్కుండా కాలేజీ కమిటీ ఆ లైబ్రరీలోనే కూర్చుంది. హాస్టల్ మెస్సు ప్రభుత్వ గ్రాంటు మీద నడుస్తుంది. గ్రాంటు వస్తుందా రాదా అన్నది ఆ రోజు మాట. కమిటీ అధ్యక్షుడు జగ్గునాయుడు గారు కళ్లజోడు సవరించుకుని నన్ను ఎగాదిగా చూశారు. గళ్లు చూడలేదు, అంకెలు చూడలేదు. అతుకు చూశారు.

"రాసుకోడానికి గుడ్డే చాల్లేదంటే, ఇంక సర్కారు దగ్గర ఏటుంటాదమ్మా? గ్రాంటు రాదు. ముందే మూసేద్దుము, అప్పుల్పాలవకుండా," అన్నారు.

అందరూ కాత్యాయని గారి వైపు చూశారు. ఆవిడ తల దించుకున్నారు. నేను చెప్పిన అంకెల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అయినా ఆ రోజు నన్ను చూసి ఇరవై ముగ్గురు పిల్లల అన్నం ఆపేశారు. దానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

తవిటమ్మ ట్రంకుపెట్టె పట్టుకుని సెలవు చెప్పడానికి వచ్చింది. వాళ్ల ఊరు నలభై మైళ్లు, రోజూ వచ్చిపోయే దారి కాదు. గుమ్మం దగ్గర ఆగి నా వైపు చూసి అంది: "మేడమ్, ముప్పయ్యేళ్ల కిందట మా అమ్మకి రోజుకూలి ముప్పావలా అంట. ఇప్పుడు పదిహేను రూపాయలు ఇస్తన్నారు. ఆ లెక్క ఈ గుడ్డ మీద గీస్తే మా అమ్మ గీత కూడా పైకే ఎలిపోద్ది గదండీ. మరి మా ఇంట్లో అప్పుడూ గంజే, ఇప్పుడూ గంజే."

బస్సు వేళయిందని వెళ్లిపోయింది. కాత్యాయని గారు కాగితం తీసుకుని ముప్పావలా, పదిహేను రూపాయలు పక్కపక్కన రాసుకున్నారు.

ఆ వేసవిలో ఆవిడ నన్ను గోడ మీంచి దించి, తమ ఇంటి వరండాలో బోర్లా పరిచారు. నా వీపున కొత్త గళ్లు గీశారు. ఈసారి కోట్లు కాదు. దేశం మొత్తం వంద రూపాయలు సంపాదిస్తే, అందులో ప్రభుత్వానికి వచ్చింది ఎంత, పెట్టింది ఎంత. ముప్పై ఏళ్ల చుక్కలూ ఆవిడే పెట్టారు, మోకాళ్లు నొప్పెడుతున్నా లేవకుండా. అప్పుడు బయటపడింది. ఇంత ఎడమే అంతకుముందు రెండుసార్లు వచ్చింది, మూడు నాలుగేళ్లలో రెండుసార్లూ పూడిపోయింది. ఆ రోజుల్లో కోట్లు తక్కువ కాబట్టి నా ముందు పక్క అవి గోరంతగా పడ్డాయి, ఎవరి కంటికీ ఆనలేదు.

ఆవిడ నన్ను చంకన పెట్టుకుని కమిటీ ముందుకు వెళ్లారు. "మిల్లు మూస్తే కూలీకి జీతం లేదు. జీతం లేనివాడు చొక్కా కొనడు, సైకిలు కొనడు. కొనకపోతే పన్ను రాదు, అందుకే పచ్చ గీత వంగింది. అదే వేళకు కరువు పనులు పెట్టాలి, బియ్యం ఇవ్వాలి, అందుకే ఎర్ర గీత లేచింది. కష్టకాలంలో గీతలు ఇలాగే ఉంటాయి. గుడ్డ చాలకపోవడం నేను గళ్లు గీసిన తీరులో తప్పు. ఆ రోజు నేనూ భయపడి నోరు మూసుకున్నాను," అన్నారు.

జగ్గునాయుడు గారు చెడ్డమనిషి కాదు. నన్ను రెండు పక్కలా తిప్పి చూసి, "ఇది ముందే సెప్పకపోయారా తల్లీ," అన్నారు. ఆషాఢంలో గ్రాంటు కూడా వచ్చింది. హాస్టల్ తెరిచారు, నన్ను వీపు ముందుకు తిప్పి మళ్లీ గోడకు తగిలించారు. ఇరవై ఇద్దరు తిరిగొచ్చారు. తవిటమ్మ అప్పటికే పలాసలో జీడిపిక్కలు కొడుతోంది. ఆమె కూలి మీద ఇద్దరు తమ్ముళ్ల తిండి నడుస్తోంది. కాత్యాయని గారు రెండుసార్లు బస్సెక్కి వెళ్లి పిలిచారు, రాలేదు.

రిటైరయ్యే ముందు ఆవిడ కమిటీతో పోట్లాడి తవిటమ్మకు హాస్టల్లో ఉద్యోగం ఇప్పించారు. వంటమనిషి ఉద్యోగం. తరవాత కాలేజీకి కంప్యూటర్ వచ్చింది, నన్ను గోడ మీంచి దించి మెస్సుకు ఇచ్చేశారు. తవిటమ్మ నన్ను విప్పి చూసింది. మర్నాటి నుంచి బియ్యం పోస్తోంది.

మొన్న కొత్తగా చేరిన పిల్లలు నా చుట్టూ కూర్చుని రాళ్లు ఏరుతున్నారు. ఒక పిల్ల వేలు అతుకు మీద ఆగింది. "అక్కా, ఈ 'త' ఎవులిది?" అని అడిగింది.

తవిటమ్మ చాట కింద పెట్టలేదు.

"ఎవులో సదువుకున్న పిల్లమ్మా. ఈ లెక్క అందరికన్నా ముందు దానికే తెలిసింది. ఎవులూ అడగనేదు," అంది.

చాటలోకి బియ్యం ఎత్తుకుని పొయ్యి దగ్గరకు వెళ్లిపోయింది.