పెద్ద చిల్లు, చిన్న చిల్లు

రైలింకా గోదావరి దాటని రోజులవి. ఫొటో కావాలంటే రాజమండ్రి నుంచి జ్ఞానప్రకాశాన్ని పడవ మీద రప్పించాల్సిందే. కొడుకు పెళ్ళికి కోటిపల్లి పల్లంరాజు రప్పించాడు. ఆయన చేపల పడవల ఆసామి. ఆయన నోరు మాత్రం రేవు రేవంతటికీ సరిపోతుంది.

పెళ్ళయిన మర్నాడు పెళ్ళికూతురి ఊరు ఆత్రేయపురం రేవులో జ్ఞానప్రకాశం తన ఫొటో పెట్టెను నిలబెట్టాడు. నడుమ కుర్చీలో పల్లంరాజు, పక్కన కొత్తజంట, అటూ ఇటూ చుట్టాలు. వరస చిట్టచివర ముసుగేసుకుని ఒకావిడ ఒదిగి కూర్చుంది.

"మా మరిడమ్మ పెద్దమ్మండి. గంప మోసి, చేపలమ్మి నన్ను పెంచిందండి," అంది పెళ్ళికూతురు లోవలక్ష్మి. "రేపు కోటిపల్లి వెళ్ళిపోతానండి. ఆవిడ మొహం నాకు కావాలండి."

"అయితే నడుమకి రమ్మనండి."

"శుభమా అని పెళ్ళి జరిగితే, బొట్టులేనిదాన్ని నడుమకెలా వస్తానే? ఈ చివర చాల్లే," అంది మరిడమ్మ.

జ్ఞానప్రకాశానికి చిక్కొచ్చిపడింది. అద్దాల గొట్టంలో దూర్చడానికి అతని దగ్గర నడుమ చిల్లున్న ఇత్తడి బిళ్ళలు రెండే. పెద్ద చిల్లు బిళ్ళ పెడితే బొమ్మ తొందరగా పడుతుంది, కానీ నడుమే మెరుస్తుంది, అంచులు చీకటైపోతాయి. చిన్న చిల్లయితే మూలమూలా తేటగా వస్తుంది, కానీ వెలుతురు సన్నగా దూరుతుంది గనక జనం చాలాసేపు బొమ్మల్లా కూర్చోవాలి.

పెద్దమ్మ కోసం చిన్న చిల్లే పెట్టాడు. "కదలకండి!" అని మూత తీశాడు. అందరూ ఊపిరి బిగబట్టారు.

"ఒరేయ్ సత్తియ్యా! ఆ మేకను తోలరా!" పల్లంరాజు గిర్రున తిరిగాడు.

తన చీకటి డేరాలో గాజుపలక కడిగి చూస్తే, ఆయనకు రెండు తలలు, ఒక్కదానికీ కళ్ళు లేవు. జనం పడీ పడీ నవ్వారు. జ్ఞానప్రకాశానికి మాత్రం నవ్వు రాలేదు. మిగిలింది ఒకే పలక. పైగా మబ్బు కమ్మేసింది.

"ఇంక పెద్ద చిల్లేనమ్మా. చివరున్నవాళ్ళు చీకట్లో కలిసిపోతారు," అన్నాడు దిగులుగా.

లోవలక్ష్మి తన పీట తీసుకుని చక్కా నడిచి, పెద్దమ్మను ఆనుకుని కూర్చుంది. పెళ్ళికొడుకు లోవరాజు తండ్రి వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు, తన పీట చంకన పెట్టుకుని వెనకాలే వెళ్ళాడు.

"ఓరి వీడి అసాధ్యం కూలా! నా కుర్చీ మాత్రం అంగుళం కదలదు!" అని పల్లంరాజు ఉరిమాడు.

"మీరసలు కదలొద్దండి బాబూ!" అంటూ జ్ఞానప్రకాశం పెట్టెనే అటు తిప్పేశాడు.

మర్నాడు ఎండలో కాగితం మీద అచ్చు తీసి చూపించాడు. నడుమ మరిడమ్మ, మొహంలో ముడత ముడతా వెలిగిపోతోంది. ఆనుకుని కొత్తజంట. అటుపైన మొహాలు మెల్లగా మసకబారి, ఆ మూల చీకట్లో ఉత్త మీసం మిగిలింది.

"చివరే కూర్చున్నాను కదా బాబూ! నడుమకెప్పుడొచ్చాను?" అంది మరిడమ్మ తెల్లబోయి.

"మీరు రాలేదమ్మా. నడుమే మీ దగ్గరికొచ్చింది."

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కోటిపల్లిలో లోవలక్ష్మి ఆ ఫొటోను గుమ్మానికి ఎదురుగా తగిలించింది. వేటకెళ్ళే వాళ్ళకి బొట్టులేనామె ఎదురవడమేంటని పల్లంరాజు రెండు రోజులు ఎగిరాడు. లోవరాజు వినలేదు, ఆ మొహం చూసే పడవెక్కాడు. ఆ రోజు దొరికిన చేపల్ని మోయడానికి గంపలు చాల్లేదు. అప్పట్నుంచి పల్లంరాజు కూడా పొద్దున్నే ఫొటో ముందు నిలబడేవాడు. తన మీసం చూసుకోవడానికేనట.