ఒడ్డు మీద చెప్పులు

జూలై నెల, ఆదివారం. లాన్ నది పక్క సైకిల్ బాట మీద కోటేష్ ముందు, అతని భార్య పుష్ప వెనక తొక్కుకుంటూ పోతున్నారు. జర్మనీ వాళ్లు దీన్ని ఎండాకాలం అంటారు. ఇరవై ఆరు డిగ్రీలకే చొక్కాలు విప్పేసి గడ్డి మీద పొర్లే ఈ జనాన్ని మే నెలలో ఒక్క మధ్యాహ్నం చండ్రుగొండ బస్టాండులో నిలబెట్టాలని కోటేష్‌కు ఎప్పటినుంచో సరదా.

వెట్స్‌లార్ నుంచి వైల్‌బుర్గ్ దాకా పాతిక కిలోమీటర్ల పైమాట. తొక్కుకుంటూ వెళ్లి, అక్కడ ఏదైనా తిని, రైల్లో తిరిగి రావాలని అతని పథకం. పెళ్లయి వచ్చిన పదకొండు నెలల్లో భార్యను ఒక్కచోటికీ తిప్పలేదేమని ఆఫీసులో ఎవరో అడిగారట. ఎవరో అడిగితే తప్ప తోచని మనిషి మరి.

ఇద్దరివీ చండ్రుగొండ దగ్గరి తండాలే. పుష్ప కొత్తగూడెంలో పిల్లలకు లెక్కలు చెప్పేది. ఆ ఉద్యోగం మానుకుని ఇతని వెంట వచ్చింది. ఇక్కడ జర్మన్ పరీక్ష రెండుసార్లు తప్పింది. చలికాలమంతా కిటికీ పక్కన కూర్చుంది, తిండి తగ్గించేసింది. మార్చిలో ఒకరోజు "నేనీడ ఉన్నా ఒక్కటే, లేకున్నా ఒక్కటే" అంది. లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే కోటేష్ "పండుకో, రేపటికి మంచిగైతది" అన్నాడు.

ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది లంబాడీలో. తెలుగు కోపానికి దాచుకున్నారు. ఆ రోజు ఎనిమిదో కిలోమీటరు దగ్గరే తెలుగు మొదలైంది. బాతుల గుంపును ఫోటో తీస్తూ పుష్ప వెనకబడింది.

"జల్దీ తొక్కు! పరీక్ష రాసిన తీర్గనే తొక్కుతున్నవ్. గిట్లయితే ఎన్నటికీ చేరవ్."

పుండు మీద కారం చల్లడమంటే ఇదే. పుష్ప అతన్ని దాటుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. వెంటనే వెళ్తే ఎక్కడ తగ్గినట్టవుతుందోనని కోటేష్ దారిలో ఒక పండ్ల బండి దగ్గర ఆగాడు. చెర్రీలు కొని, అరగంట సేపు ఒక్కొక్కటే తిన్నాడు.

తర్వాత రెండు మలుపులు దాటాడు. పుష్ప ఎర్ర సైకిల్ బాట పక్కన స్టాండు వేసి ఉంది. మనిషి లేదు. నీటి అంచున ఆమె చెప్పులు, జతగా, పక్కపక్కనే. వాటి మీద ఫోన్. ఫోన్ మీద నాలుగు మడతలు పెట్టిన చున్నీ.

కోటేష్ బ్రేకు వేశాడు. ఇంటర్ చదివిన రెండేళ్లూ అతను భద్రాచలం హాస్టల్లో ఉన్నాడు. గోదావరి బ్రిడ్జి మీద చెప్పులూ ఫోనూ వదిలేసి కనిపిస్తే అక్కడ బస్సులు కూడా ఆగిపోతాయి. ఏమైందని ఎవరూ ఎవరినీ అడగరు, అందరూ వంగి నీళ్లలోకి చూస్తారు. అతను అలా రెండుసార్లు చూశాడు. రెండోసారి ఆ చెప్పులు తమ హాస్టల్ వంటామెవి.

సైకిల్ వదిలేసి పరుగెత్తాడు. చున్నీ కొసకు ముడి ఉంది. విప్పితే పెళ్లినాడు తను వేసిన గొలుసు.

"పుష్పా!"

ఈత రాదు. అయినా నడుము లోతు దాకా దిగిపోయాడు. నాలుగేళ్లు నేర్చిన జర్మన్ అంతా ఎగిరిపోయి "ఫ్రావ్! వాసర్!" అని భార్య, నీళ్లు అనే రెండు మాటలే మిగిలాయి. పడవలో వెళ్తున్న ముసలి దంపతులు అవి విని ఇటు తిప్పారు. ముసలామె చెయ్యి పట్టి అతన్ని ఒడ్డుకు లాగింది. ముసలాయన ఎమర్జెన్సీకి ఫోన్ కలిపాడు. కోటేష్ బురదలో కూలబడి "నేనే సంపిన, నేనే సంపుకున్న" అని తల బాదుకున్నాడు.

అప్పుడు వచ్చింది పుష్ప, కింది వైపు నుంచి, ఒడ్డు వెంట నడుచుకుంటూ, తడి బట్టలతో, ఉత్త కాళ్లతో. ఇక్కడ ఈదేవాళ్లందరూ అంతే. పైన దిగి, నీళ్ల వెంట కిందికి పోయి, నడిచి వెనక్కి వస్తారు.

"ఏందిది? గట్ల కూసున్నవేంది? ఎవరికేమైంది?"

కోటేష్ చెప్పుల వైపు చెయ్యి చూపించాడు. ఆమెదీ ఆ ప్రాంతమే కదా, చెప్పులనీ అతని గుప్పిట్లోని గొలుసునీ చూడగానే తెలిసిపోయింది.

"అయ్యో, నాకు యాదికే రాలే. ఐదు వారాలాయె, ఈత నేర్సుకుంటున్న. మంగళారం మంగళారం తడి తలతోని ఇంటికొస్తున్న. ఎందుకని ఒక్కనాడన్న అడిగినవా?"

కోటేష్ ఏడుస్తూనే నవ్వాడు. "సచ్చిపోయినవనుకున్న పుష్పా. సూడంగనే గట్లనే అనుకున్న."

పుష్ప జుట్టు పిండుకోవడం ఆపింది. "సూడంగనేనా? ఆడుకోనీకి దిగిందేమో, కాళ్లు కడుక్కోనీకి పోయిందేమో అని ఒక్క నిమిషం గూడ అనిపియ్యలే?"

"లే."

"అంటే నా పాణం గట్లున్నదని నీకు ఎర్కనే."

కోటేష్ గొలుసును మళ్లీ చున్నీ కొసకు ముడి వేయబోయాడు.

"ఎర్కుండి గూడ ఇన్నాళ్లు ఊకున్నవా?"

ముసలాయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే దగ్గరికి వచ్చాడు. అవతలి వాళ్లు అడుగుతున్నారు, మీ ఆవిడకు ఇప్పుడు బాగానే ఉందా, మేము రానక్కర్లేదా అని. అవునని చెప్పడానికి కోటేష్‌కు నోరు రాలేదు.