బాతులు దిగిన చోటు

ఈకలు పీకుతోంది అబిగయీలు.

వేడినీళ్లలో ముంచడం. పీకడం. మళ్లీ ముంచడం… పులికాట్ సరస్సు మీదనుంచి చలిగాలి వచ్చి తడి ఈకల్ని వాకిలంతా తిప్పుతోంది. వేళ్లకు నెత్తురు. గోళ్ల కింద నెత్తురు.

ఐదో బాతును ఎత్తి ఆగిపోయింది.

కుడి రెక్కలో ఒకే ఒక్క తెల్ల ఈక.

ఈ బాతును తను ఎరుగును. మొన్న పొద్దున, చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే, బొమ్మలో ఈ తెల్ల ఈక కోసం కాయితం మీద అంతమేర రంగు తగలనివ్వకుండా వదిలింది.

"అన్నా, ఇది నీకు యాడ దొరికినాది?"

అన్న కృపాదానం గోనెసంచి విప్పుతూ నవ్వాడు.

"నీ బొమ్మలోనేమే. విరిగిన పడవ, దాని పక్కన తుమ్మచెట్టు, ఎడమపక్క బాతులు. నేను ఎతుక్కునే పని లేకుండా నువ్వే చూపిస్తా ఉండావు గదా."

గోడ నిండా బొమ్మలు. నెల రోజులుగా తెల్లారుజామున సరస్సు గట్టున కూచుని వేసినవి. పడవ ఉన్నచోటే పడవ. బాతు నిద్రపోయిన చోటే బాతు.

అక్కడే వల.

సంచిలో ఒకటి ఇంకా కదులుతోంది.

"దాన్నన్నా వదులన్నా."

తడిగుడ్డ పిండినట్టు దాని మెడ మెలితిప్పాడు.

ఆమె లేచి గోడమీది బొమ్మ చింపబోయింది. జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. పెదవి చిట్లింది.

"పండగలోపల ఇంకా నలభై కావాల. రేపూ పోయి ఎయ్యి."

"అన్న మాట ఇనుమే, నోరు తియ్యబాక," అంది తల్లి రెబెక్కమ్మ, పొయ్యి ఊదుతూ.

మర్నాడూ వెళ్లింది.

చలి… నీళ్లదీ ఆకాశానిదీ ఒకే బూడిద రంగు. కుంచె పట్టిన వేళ్లు తనవి కానట్టున్నాయి. మంచుకు కాయితం ఆరదు. ఒక రంగు ఆరకముందే ఇంకోటి వచ్చి దాన్ని కొరుకుతోంది.

బాతులు పడవ దగ్గరే ఉన్నాయి.

ఆమె పడవ వెయ్యలేదు.

ఏరు సరస్సులో కలిసే ఏటిమూతి వేసింది. మొన్నటి తుపానుకి అక్కడ కొత్తగా ఇసుక మేట పడింది. పైకి గట్టినేల. కింద ఊబి. పోయినవారం ఎవరిదో గేదె అందులో దిగబడింది. కాళ్లు. పొట్ట. కొమ్ములు. అరిచీ అరిచీ ఊరుకుంది.

చూసింది అబిగయీలు ఒక్కతే.

ఆ మేట మీద బాతుల్ని వేసింది. ఒక్కొక్కటే. నింపాదిగా.

ఇంటికొచ్చి తడి కాయితాన్ని పొయ్యి సెగకు పట్టింది.

కృపాదానం లాక్కుని చూశాడు.

"ఇన్నుండాయా. ఏటిమూతి కాడనేనా?"

తల ఊపింది.

"ఒక ముద్ద తిని పో నాయనా, చలిగా ఉండాది," అంది తల్లి.

అన్నా — నాలుక చివరిదాకా వచ్చింది. చిట్లిన పెదవి మళ్లీ చెమర్చింది. ఉప్పగా ఉంది.

మింగింది.

అతను బొమ్మ మడిచి జేబులో పెట్టుకున్నాడు. వల భుజాన వేసుకున్నాడు. ముద్ద తినకుండానే గడప దాటాడు.

నేలబారు మంచు.

ముందు కాళ్లు కనబడలేదు. తర్వాత నడుము. తర్వాత…